దొరగారి ముందు కాలు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు భోజనం చేసేది దొర. దొర అంటే మనిషి కాదు, తొండ. మూరెడు పొడవు, ఒళ్ళంతా ఇసుక రంగు పొలుసులు, గడ్డం కింద మెత్తటి ముళ్ళ వరస, ఎవరినీ లెక్కచేయని చూపు. హాల్లో టీవీ పక్కన గాజుపెట్టెలో, నెత్తిన వెచ్చటి దీపం పెట్టించుకుని, ఎండుకొమ్మ మీద కాలు మీద కాలు వేసుకోవడం ఒక్కటే తక్కువగా పడుకుని ఉంటుంది. ఆ దర్జా చూసే ఇంటాయన దానికి ఆ పేరు పెట్టాడు. పేరు పెట్టడంతో ఆయన పని అయిపోయింది. మిగిలిన పనికి ఆయన భార్య ఉంది.

ఆ మిగిలిన పని ఏమిటంటే, గుమ్మడిముక్కను గోరంత ముక్కలుగా కోయాలి. ఆకుకూర సన్నగా తరగాలి. సింకు కింద, మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలోంచి బతికున్న కీచురాళ్ళను పట్టకారుతో తీసి, తెల్లటి కాల్షియం పొడి అద్ది, దొరగారి నోటి ముందు ఆడించాలి. తొండను పెంచుకోవాలని మనసుపడ్డ పెద్దమనిషికి పురుగులంటే అసహ్యం. డబ్బా మూత తీస్తే చాలు, ముక్కు మూసుకుని అవతలి గదిలోకి పోతాడు. పెట్టె అడుగున ఇసుక జల్లించడం, నీళ్ళ గిన్నె కడగడం, దీపం వేడి సరిగ్గా ఉందో లేదో అరచెయ్యి పెట్టి చూడటం, ఇవన్నీ ఆమె వంతులోకి ఎప్పుడు వచ్చి చేరాయో ఆమెకే గుర్తులేదు. కూతురి టిఫిను డబ్బా, అత్తగారి మందులు, ఆయన చొక్కా ఇస్త్రీ ఉన్న వరసలో ఇంకొకటి చేరింది, అంతే. ఇంటికి వచ్చినవాళ్ళు "భలే పెంచుతున్నారండీ" అంటే ఆయన చిన్నగా నవ్వి, "వీటికి ఓపిక కావాలండీ" అనేవాడు. ఆ ఓపిక వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండేది.

ఇక ఆ ఇంటి రివాజు ఒకటి చెప్పాలి. అక్కడ ఏది పగిలినా ఆమె చేతిలోనే పగిలేది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆయన మోచెయ్యి తగిలి, అత్తగారు ప్రాణంగా చూసుకునే గాజు జగ్గు కింద పడి ముక్కలైంది. ముగ్గురూ చూశారు. ఆయన మొహం ముడుచుకుపోయింది. ఆయన అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అసలే కాదు. ఎంత అదృష్టవంతురాలివో అని చుట్టాలు ఆమెకు అస్తమానం గుర్తుచేస్తూనే ఉంటారు. కానీ తప్పు అనే మాట తన వైపు చూసిందంటే చాలు, ఆయనకు నోరు మూసుకుపోతుంది. ఇక ఇంట్లో ఎవరితోనూ మాటుండదు, పిలిస్తే పలుకుండదు, పెట్టింది తినడు. ఆ మౌనం ఆరని తడిబట్టలా రోజుల తరబడి గదుల్లో వేలాడుతుంది. అప్పటికే ఒకసారి ఆ రుచి చూసి ఉంది కాబట్టి, ఆమె నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. "నేనే అండీ, అంచున పెట్టేశాను. తప్పు నాదే." అంతే. ఆయన మొహం విచ్చుకుంది. అత్తగారు "పోనీలే, చూసుకోవాలి కదమ్మా" అంది. అందరూ తృప్తిగా తిన్నారు. ఇంత చవగ్గా పోయేదానికి అప్పుడు అన్ని రోజులు ఏడ్చానేమిటా అనుకుంది ఆమె, గాజుముక్కలు ఎత్తుతూ. ఆ చవక బేరమే అలవాటైపోయింది. మర్చిపోయిన కరెంటు స్విచ్చి, పాలు పొంగిన పొయ్యి, ఆయన ఎక్కడో వదిలేసిన తాళాలు, ఆయన దారి తప్పడం వల్ల ఆలస్యమైన ప్రయాణం, అన్నిటికీ "నేనే". తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ ఇంట్లో పంపకాలు లేవు, ఉన్నదంతా ఒకే ఒడిలో పోసేవారు.

విచిత్రం ఏమిటంటే బయట ఆమెకు ఇదే ఉద్యోగం. వాషింగ్ మెషిన్లూ ఫ్రిజ్‌లూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఎత్తుతుంది. చెవులకు ఫోను తగిలించుకుని, గాజు గోడల గదిలో పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని, పొద్దుటినుంచి సాయంత్రందాకా "క్షమించండి సార్, పొరపాటు మాదే" అంటుంది. మెషిన్ను తలకిందులుగా బిగించుకున్నవాడు తిట్టినా పొరపాటు మాదే. బిల్లు పోగొట్టుకున్నవాడు తిట్టినా మాదే. వాళ్ళ మేనేజరు కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆమెను చూపించి, "ఆవిడ గొంతు వినండి. తప్పు ఒప్పుకోవడంలో ఆవిడకు ఎవరూ సాటిరారు. నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటాడు. ఆ పొగడ్తకు ఆమె తల వంచుకునేది. ఆఫీసులో ఆ పనికి జీతమైనా ఇస్తారు.

ఒక ఆదివారం ఆయన ఆఫీసు స్నేహితులు వచ్చారు. ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీరు. వచ్చినవాళ్ళూ అదే బాపతు, గోడలూ మెట్లూ మాట్లాడుకునేవాళ్ళు. అత్తగారు సోఫా చివర కూర్చుని ఉంది. కూతురు, ఆ పిల్లను ఇంట్లో అందరూ చిన్నది అంటారు, నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేసుకుంటోంది. ఆమె టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన గాజుపెట్టె తలుపు పక్కకు జరిపి, "దొరగారూ, దర్శనం ఇవ్వాలి" అంటున్నాడు. దొరకు ఆ రోజు దర్శనం ఇచ్చే ఉద్దేశం లేదు. రెండు ముందుకాళ్ళతో కొమ్మను కావలించుకుని అతుక్కుపోయింది. ఆయన వేళ్ళతో గోకాడు, బుజ్జగించాడు. స్నేహితుల్లో ఒకడు నవ్వి, "ఏంటి సార్, ఇంట్లో మీ మాట చెల్లేట్టు లేదే" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. దొర కుడి ముందుకాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గోళ్ళు బెరడు మీంచి చిటపటమని ఊడివచ్చిన చప్పుడు ఆమెకు గుమ్మం దాకా వినబడింది. దొర నోరు బార్లా తెరిచింది. అందులోంచి చప్పుడేమీ రాలేదు. "ఆవలిస్తోందిరోయ్" అని ఎవరో ఫొటో తీశారు. ఆయన దాన్ని భుజం మీద పెట్టుకుని ఇటు తిరిగాడు. ఒక్క క్షణం ఇద్దరి కళ్ళూ కలిశాయి. "అలా నిలబడ్డావేం? టీ చల్లారిపోతోంది" అన్నాడు.

మర్నాడు పొద్దున దొర కొమ్మ ఎక్కలేదు. మూలకు నక్కి కూర్చుంది. కుడి ముందుకాలి వేళ్ళ కొసల్లో నెత్తురు ఎండి ఉంది. కాలు కింద ఆనడం లేదు, పక్కకు వేలాడుతోంది. ఆమె కేకేస్తే ఆయన గడ్డానికి సబ్బు నురగతోనే వచ్చి చూశాడు. కాసేపు చూసి, "రాత్రి నీళ్ళ గిన్నె మార్చావు కదా. తలుపు వేసేటప్పుడు చూసుకోలేదా?" అన్నాడు.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు, ఉత్త ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పాల్సింది ఆమె. "అయ్యుంటుందండీ" అంది ఆమె. "తొందరలో లాగేశాను. కాలు సందులో ఉన్నట్టుంది." అబద్ధానికి కాళ్ళు లేవంటారు. ఆమె దానికి కాళ్ళూ చేతులూ అమర్చి అక్కడికక్కడే నడిపించింది. సోఫాలోంచి అత్తగారు, "చూసుకోవాలి కదమ్మా, నోరులేని జీవం" అంది. ఆయన నురగ ఆరిపోతోందని లోపలికి వెళ్ళాడు. సాయంత్రానికి ఆమెకు ఆ తలుపు చప్పుడు కూడా గుర్తుకు రావడం మొదలైంది. ఏళ్ళ సాధన ఊరికే పోతుందా.

ఆఫీసు నుంచి అరపూట సెలవు అడిగితే మేనేజరు, "తొండకా?" అన్నాడు. ఆ మాట గాజు గదిలో చాలాసేపు నవ్వు పుట్టించింది. ఆమె చిల్లులు పొడిచిన అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. జంతువుల డాక్టరమ్మ నడివయసు మనిషి. చేతుల నిండా పిల్లులు గీరిన గీతలు. దొరను అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎలా జరిగింది?"

"తలుపు పడిందండీ. పెట్టెకి జరిపే గాజు తలుపు. నేనే చూసుకోలేదు."

"చూడండమ్మా, కుక్క అయితే ఎక్కడ ముట్టుకుంటే మూలుగుతుందో చూసి నేనే చెప్పేస్తాను. ఇవి అలా కాదు. నొప్పి బయటికి కనబడితే ఇంకోటేదో వచ్చి తినేస్తుందని వీటి భయం. చచ్చేదాకా దాచుకుంటాయి. నా దగ్గరున్న ఎక్స్‌రే మిషన్లో ఇంత చిన్నదాని ఎముకలు దారప్పోగుల్లా వస్తాయి, ఏమీ తెలియదు. మీరు చెప్పేదే నాకు ఆధారం. పాదం మీదే పడిందా తలుపు?"

"అవునండీ. పాదం మీదే."

వేళ్ళ కొసల్లో నెత్తురు ఉండనే ఉంది. డాక్టరమ్మ గోళ్ళు శుభ్రం చేసి, సన్నటి పుల్ల ఆసరా పెట్టి, పాదం నుంచి మోచేతి దాకా కట్టు కట్టింది. కదలనివ్వొద్దంది. నోట్లో పోసే మందు ఇచ్చింది. "మీ తప్పేం లేదమ్మా, ఇలాంటివి అవుతూనే ఉంటాయి" అని వీపు తట్టింది. ఆ ఓదార్పుకు ఆమెకు సిగ్గేసింది. ఎవరిదో ఓదార్పు తను కాజేసినట్టు అనిపించింది.

ఆమె కొమ్మ తీసేసింది. మెత్తటి పాత తువ్వాలు పరిచింది. పొద్దున వంటకు ముందు, సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండానే, దొరను ఒళ్ళోకి తీసుకుని, సిరంజితో పెదవి పక్కనుంచి మందు చుక్క చుక్క పోసేది. చిన్నది పక్కన కూర్చుని మందు సీసా పట్టుకునేది. దొర తినడం తగ్గించింది. కీచురాయి ముక్కు మీదికి ఎక్కినా పట్టించుకునేది కాదు. ఆమె ఆకు ముక్క నోటికి అందించి, అది నమిలేదాకా ఓపిగ్గా కూర్చునేది. అన్నేళ్ళ కాపురంలో తనను ఎవరైనా ఇలా ఓ ముద్ద తిను అని కూర్చున్నారా అన్న ఆలోచన ఒకసారి వచ్చింది. వచ్చినంత వేగంగానే దాన్ని తరిమేసింది. అలాంటి ఆలోచనలతో కూర్చుంటే వంట ఎవరు చేస్తారు.

ఒకరోజు కట్టు తడవకుండా ఒళ్ళు తుడుస్తోంది. పాదానికి చెయ్యి తగిలితే దొర చలించలేదు. వేలు భుజం దగ్గరికి పోగానే దాని గడ్డం ఉబ్బింది, గొంతు కింద పొలుసులు నల్లగా మారాయి. ఆమె చెయ్యి తీసేసి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ నల్లబడింది. నొప్పి పాదంలో లేదు. కట్టు ఉన్న చోట దెబ్బ లేదు, దెబ్బ ఉన్న చోట కట్టు లేదు. గుంజితే నొప్పి పట్టేది భుజానికే కదా. అది తెలుసుకోవడానికి చదువులేం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఆమెకు కళ్ళున్నాయి. ఆ కళ్ళతోనే చూసింది.

మర్నాడు ఆఫీసులో టీ విరామంలో మెట్ల మీద కూర్చుని డాక్టరమ్మకు ఫోను చేసింది. చెప్పాల్సిన మాటలు బస్సులో వల్లె వేసుకునే వచ్చింది. మేడం, తలుపు కాదు, లాగారు, భుజం చూడండి. ఇంతే. కానీ లాగారు అంటే ఎవరు అని అడుగుతుంది. మొదట అలా ఎందుకు చెప్పారు అని అడుగుతుంది. ఆ మాట తిరిగి తిరిగి ఇంటికి చేరుతుంది. ఆయన మొహం ముడుచుకుంటుంది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ మానం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. మధ్యలో నోరు మాత్రం ఆమెది.

"ఎలా ఉందమ్మా మీ తొండ?" అంది డాక్టరమ్మ.

"బాగానే ఉందండీ" అంది ఆమె.

ఫోను పెట్టేసి తన సీటు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు వచ్చిన ఫోనులన్నిటికీ ఆమె ఎప్పటికన్నా తియ్యగా క్షమాపణలు చెప్పింది.

ఇంట్లో ఆయన స్నేహితుడితో ఫోనులో మాట్లాడుతుంటే వినబడింది. "ఏం చెప్పమంటావ్, మా ఆవిడ తలుపేసేసింది. కంగారు మనిషి. ఏదైనా ఖరీదైంది కొనాలంటే భయం రా నాకు." అవతలి వాడు నవ్వాడో ఏమో, ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో దొంగతనమేమీ లేదు. ఆయన నిజంగానే నమ్మేశాడని ఆమెకు అర్థమైంది. ఆమె చెప్పే విధానం అంత బాగుంటుంది మరి. ఆ సాయంత్రమే చిన్నది మందు సీసా మూత తిప్పుతూ, "అమ్మా, నిజంగా తలుపు పడిందా?" అని అడిగింది.

"పడింది."

చిన్నది ఆమె మొహంలోకి చూసింది. "సరే" అని సీసా తీసుకెళ్ళి జాగ్రత్తగా షెల్ఫులో పెట్టింది.

రెండు వారాలు తిరిగేసరికి కట్టు కింద వేళ్ళు ముదురు రంగుకు తిరిగాయి. ముందు నీడేమో అనుకుంది. తరువాత వాసన వచ్చింది. దొర కళ్ళు మూసుకునే ఉంటోంది. ఫోను చేస్తే డాక్టరమ్మ వెంటనే తీసుకురమ్మంది. సెలవురోజు కాబట్టి కారులో తీసుకెళ్తానన్నాడు ఆయన. ఆమె వంటింట్లో అట్టపెట్టెలో గుడ్డ పరుస్తుంటే అత్తగారు వెనకే వచ్చి నిలబడింది.

"డాక్టరు ముందు ఏమీ వాగకు అమ్మాయ్."

ఆమె తలెత్తింది.

"చూడలేదనుకున్నావా? వాడి పక్కనే కూర్చున్నాను కదా. ఎలా గుంజాడో చూశాను."

"మరి నాతో, 'చూసుకోవాలి కదమ్మా' అన్నారేం అత్తయ్యా?"

"ఏదో ఒకటి అనాలి కదా. ఎవరో ఒకరు పడితేనే కదా ఇల్లు నడిచేది." అత్తగారు గుమ్మానికి ఆనుకుంది. "మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ నా చేతుల్లోంచి కూడా అన్నీ జారిపోయేవి. గ్లాసులు జారాయి, వాచీలు జారాయి, ఒకసారి వాడి వేలు తలుపులో పడింది, అదీ నా చేతుల మీదుగానే. నీకంటే నా చేతులే ఎక్కువ జారాయి. ఏమైంది? ఇల్లు నిలబడింది. బయటివాళ్ళ ముందు వాడు చిన్నబోతే తట్టుకోలేడు. నీకు తెలుసుగా."

ఆమె ఆ చేతుల వైపు చూసింది. ఆ వయసులో కూడా సూదిలోకి దారం ఒక్క తడవలో ఎక్కించే చేతులు. వాటిలోంచి ఏదైనా జారడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. పెట్టె మూత పెట్టింది. చిన్నది చెప్పులేసుకుని ముందే కారు దగ్గర నిలబడి ఉంది, వద్దన్నా వినలేదు.

డాక్టరమ్మ కత్తెరతో కట్టు విప్పింది. పాదం బొగ్గు ముక్కలా ఉంది. ఆవిడ వేలితో మోచెయ్యి, ఆ పైన భుజం నెమ్మదిగా తడిమింది. దొర కళ్ళు తెరవలేదు. గడ్డం మాత్రం నల్లబడింది.

"ఇక్కడ కీలు పక్కకు తప్పి ఉంది" అంది డాక్టరమ్మ. "పైనుంచి నెత్తురు అందక కింద చచ్చుబడింది. దానికితోడు నేను కట్టిన కట్టొకటి. తలుపు పాదం మీద పడితే భుజం ఎందుకు తప్పుతుంది?" ఆవిడ ముగ్గురి వైపు చూసింది. "కాలు తీసేయాలి, అది తప్పదు. కానీ ఎక్కడిదాకా కోయాలో నాకు తెలియాలి. గుంజినప్పుడు తప్పిన కీలయితే లోపల ఛాతీ కండ కూడా చిరిగి ఉంటుంది, అదీ చూసుకోవాలి. చూసుకోకుండా కుట్టేస్తే బతకదు. దీన్ని ఎవరైనా లాగారా?"

"లేదండీ, తలుపే" అన్నాడు ఆయన. "ఈవిడ కొంచెం కంగారు మనిషి."

"అవునా అమ్మా? బాగా గుర్తుచేసుకుని చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. కాస్త ఊపిరి వదిలితే బయటపడేదే.

"నేనే లాగాను."

చిన్నది. గోడవారన బల్ల మీంచి లేచి నిలబడి ఉంది. "అమ్మ తలుపు వేయలేదు. నేనే లాగాను డాక్టరమ్మా, కొమ్మ మీద నుంచి. ఎవరూ లేనప్పుడు. ఆడుకుందామని తీశాను, అది రాకపోతే గట్టిగా లాగేశాను. తప్పు నాదే."

తల కొంచెం వంచి, ఎక్కడా తడబడకుండా, అడగని వివరాలు కూడా జోడించి చెప్పింది. ఎవరూ నేర్పకుండానే. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. రోజంతా చెవులకు తగిలించుకునే ఫోనులోంచి తనకే తిరిగి వినబడే గొంతు అది. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

ఆమె భర్త వైపు చూసింది. ఇప్పుడంటాడు అనుకుంది. నా మీద పడితే ఊరుకున్నాడు, కన్నబిడ్డ మీద పడితే ఊరుకోడు, ఇప్పుడంటాడు. అంతకాలం కాపురంలో ఆయన నోటి నుంచి ఒక మాట కోసం ఆమె అంత ఆశగా ఎప్పుడూ ఎదురుచూడలేదు. ఆయన చిన్నదాని వైపు చూశాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు. తరువాత చెయ్యి చాచి దాని తల నిమిరాడు. "చిన్నపిల్లండీ, తెలియక చేసి ఉంటుంది. దాన్నేమీ అనకండి" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు.

"కాదు" అంది ఆమె.

ఆ మాట ఆమెకే సరిగా వినబడలేదు. మళ్ళీ అంది. "కాదండీ. చిన్నది కాదు. తలుపూ కాదు, నేనూ కాదు. ఇంటికి స్నేహితులు వచ్చిన రోజు ఈయన దీన్ని కుడి ముందుకాలు పట్టుకుని కొమ్మ మీద నుంచి గుంజారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చూసి కూడా మీకు అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, "ఎటు లాగారండీ, పైకా పక్కకా?" అని అడిగింది. ఆయన మొహం ముడుచుకుంది. జేబులోంచి కారు తాళాలు తీసి, "నేను బయట ఉంటాను" అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఇంటికి పద, మాట్లాడుకుందాం" అన్నాడు. మాట్లాడుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఎన్ని రోజులు మాట ఉండదో అది తెలియదు.

ఎటు లాగాడో ఆమె తన చెయ్యి చాచి చూపించింది. "పైకి, కొంచెం మెలితిప్పినట్టు" అంది. డాక్టరమ్మ తల పంకించి, చేతికి తొడుగులు వేసుకుంటూ, "ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే కీలు లోపలికి ఎక్కించేసేదాన్నమ్మా. నాలుగు కాళ్ళతో నడిచేది" అంది. తిట్టలేదు. ఆమె ఆ మాటను రెండు చేతులా అందుకుంది. ఇన్నేళ్ళలో ఒప్పుకున్న తప్పులన్నిటిలోకి నిజంగా తనదైనది ఇదొక్కటే. దీనికి క్షమించండి అనే మాట మాత్రం నోటికి రాలేదు.

"బతుకుతుందా?" అని అడిగింది.

"చూద్దాం. మాటివ్వలేను."

బయట వరండాలో చెక్క బల్ల మీద తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. ఎదురుగా ఒక ముసలాయన కుక్క మెడ నిమురుతూ కునికిపాట్లు పడుతున్నాడు. చిన్నది కాళ్ళు ఊపుతూ అడిగింది.

"నాన్నకి కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"నేనన్నది అలాగే ఉంచేస్తే రాకపోయేది కదా."

"రాకపోయేది" అంది ఆమె. "అయినా నువ్వు చేయనిది నువ్వు చేశానని అనకూడదు."

"నువ్వంటావుగా."

"ఇక అనను" అంది. అనగలదో లేదో తెలియకుండానే అంది.

చిన్నది కాళ్ళు ఊపడం ఆపింది. ఏదో తూకం వేసుకుంటున్నట్టు కాసేపు నేల వైపు చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది. "అమ్మా, అయితే నానమ్మ కళ్ళజోడు కూడా నేను విరగ్గొట్టలేదు."

ఆమె ఉలిక్కిపడి చూసింది. కళ్ళజోడు విరిగిన రోజు చిన్నదాన్ని నిలబెట్టి తిట్టింది తనే. చూసుకోవాలి కదా అంది.

"నాన్న దాని మీద కూర్చున్నారు" అంది చిన్నది. "స్కూల్లో రంగునీళ్ళు ఒలకబోసింది కూడా నేను కాదు. చెప్పేదాకా ఎవ్వరూ ఇంటికెళ్ళొద్దు అన్నారు టీచర్. అందరూ ఏడుస్తుంటే, నేనే అని చెప్పేశా."

బయట కారు హారను మోగింది. కాస్త ఆగి మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. ముసలాయన కుక్క తలెత్తి చూసింది. ఆమె లేవలేదు. చిన్నదాన్ని దగ్గరికి జరుపుకుని, "ఇంకా ఏమేం నువ్వు చేయలేదో చెప్పు" అంది.

చిన్నది వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. ఒక చేతి వేళ్ళు అయిపోయాక రెండో చెయ్యి ఎత్తింది.